ఆటలో కలిసిన ‘అన్న’ ఎవరు? వేసవి సెలవులకు ముందు కొన్ని జాగ్రత్తలు

ఏప్రిల్ చివరి వారంలో బడులకు సెలవులు ఇచ్చింది మొదలు జూన్ రెండో వారంలో మళ్లీ తెరిచేదాకా, ఎండకు బయటికి పంపలేని పిల్లలు బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్, రోబ్లాక్స్ వంటి ఆటల్లో గంటల తరబడి గడుపుతారు. నలుగురు కలిసి స్క్వాడ్‌గా ఆడేటప్పుడు తెలిసినవాళ్లు ముగ్గురే ఉంటే, నాలుగో చోటులోకి ఎవరో ముక్కూమొహం తెలియనివారు వచ్చి చేరడం, మైకు ఆన్ చేసి మాట కలపడం మామూలే. అలా చేరేవారిలో మన పిల్లల్లాంటి పిల్లలూ ఉంటారు కాబట్టి అందరినీ ఒకే గాటన కట్టి అనుమానించనక్కరలేదు. అయితే ఎవరిని ఎంతవరకు నమ్మాలో తేల్చుకునే పద్ధతిని ఫోన్ చేతికి ఇచ్చే ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

ఆటలో నమ్మకం చాలా త్వరగా కుదురుతుంది. శత్రువు కాల్పులకు కిందపడిపోయిన మనల్ని తన ప్రాణం పణంగా పెట్టి వచ్చి రివైవ్ చేసిన (మళ్లీ లేపి ఆటలో నిలబెట్టిన) ఆటగాడిని, దొరికిన మందుల కిట్టును తాను వాడుకోకుండా మనకు వదిలిన ఆటగాడిని మంచివాడనుకోవడంలో తప్పు లేదు. అతను ఆటలో మంచి జోడీదారుడని ఆ సాయం రుజువు చేస్తుంది. అతని అసలు వయసు, పేరు, ఉద్దేశం గురించి మాత్రం ఏమీ చెప్పదు. ఈ తేడా పెద్దలకే ఒక్కోసారి తట్టదు, పన్నెండేళ్ల పిల్లవాడికి తట్టాలనుకోవడం అత్యాశ.

దీనికి తోడు మన పెంపకంలోనే ఒక చిక్కు ఉంది. ఇంటికి వచ్చినవారు ‘ఏ ఊరు బాబూ, ఏం చదువుతున్నావు, నాన్నగారు ఏం చేస్తారు’ అని అడిగితే బుద్ధిగా జవాబు చెప్పాలని, వయసులో పెద్దవారిని అన్నా, అక్కా అని పిలవాలని నేర్పుతాం. వాయిస్ చాట్‌లో తెలుగు మాట వినగానే, ముఖ్యంగా విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు, సొంత మనిషి దొరికినట్టే ఉంటుంది. అవతలి మనిషి ఆ ప్రశ్నలే అడుగుతాడు, పిల్లలు ఆ జవాబులే చెబుతారు, ‘అన్నా’ అన్న పిలుపుతో పరాయివాడికి ఇంట్లో పెద్దకొడుకు హోదా దక్కుతుంది. కాబట్టి ఈ సెలవుల్లో పిల్లలకు కొత్తగా నేర్పవలసిన మర్యాద ఒకటి ఉంది: ఆటలో ఊరు, బడి, తల్లిదండ్రుల ఉద్యోగం అడిగినవారికి జవాబు చెప్పకపోవడం అమర్యాద కాదు.

హిందీ నటుడు అక్షయ్ కుమార్ 2025 అక్టోబరులో ముంబయిలో జరిగిన సైబర్ అవగాహన కార్యక్రమంలో తన ఇంట్లో జరిగినదే చెప్పారు. కుమార్తె అపరిచితులతో ఆడే వీడియో గేమ్‌లో ఉండగా, ఎక్కడినుంచి అని అడిగిన సందేశం తరువాత, అబ్బాయా అమ్మాయా అని ప్రశ్న వచ్చింది. అమ్మాయినని చెప్పాక నగ్న చిత్రాలు పంపమని అడిగారు. ఆమె వెంటనే ఆట ఆపేసి తల్లికి చెప్పింది. అక్కడ అవతలి వ్యక్తి తొందరపడ్డాడు కాబట్టి అతని ఉద్దేశం సులువుగా బయటపడింది. ఓపిక ఉన్నవాడు నెలరోజులు ఆడి, ఆటలో వస్తువులు కొనడానికి వాడే యూసీలో డైమండ్లో బహుమతిగా పంపి, పిల్లలు తనకు రుణపడినట్టు అనుకునేదాకా ఆగుతాడు.

అందువల్ల అతను ఎంత మంచిగా మాట్లాడుతున్నాడో చూడడం కంటే ఏం అడుగుతున్నాడో చూడడం మేలు. ఆటలోని చాట్ వదిలి వాట్సాప్‌కో, టెలిగ్రామ్‌కో రమ్మనడం, ‘ఇది మన మధ్యనే ఉండాలి’ అనడం, ఫొటో అడగడం, ఒంటరిగా కలుద్దామనడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా పరిచయం అక్కడ ఆగాలి. గొంతు మార్చే యాప్‌లు ఉన్నాయి కాబట్టి మాట విని వయసునో ఆడామగా తేడానో నిర్ధారించుకోలేం. అనుమానంగా ఉంటే ఒక చిన్న కోరికకు ‘కుదరదు’ అని చెప్పి చూడమనండి. స్నేహితుడైతే సరేనని ఆట కొనసాగిస్తాడు. అలిగేవాడు, బతిమాలేవాడు, ఇచ్చిన బహుమతిని గుర్తుచేసేవాడు తన సంగతి తానే చెప్పుకున్నట్టు.

డిగ్రీ చదివే వయసువారికి ప్రమాదం ఎక్కువగా డబ్బు రూపంలో వస్తుంది. ఐడీ (ఆట ఖాతా) కొంటానని పాస్‌వర్డ్ అడగడం, ఉచిత స్కిన్‌ల (ఆటలోని పాత్రలకు, తుపాకులకు వేసే అలంకరణల) పేరుతో లింకు పంపడం పాత ఎత్తులు. నా డబ్బు నీ ఖాతాలో వేయించుకుని మరొకరికి పంపు, కొంత నువ్వు ఉంచుకో అనే కోరిక వాటికంటే ప్రమాదకరం. అది మోసపోయినవారి డబ్బైతే పోలీసులు ముందు వెతికేది ఖాతాదారునే. పందెం యాప్‌లోకి రమ్మంటే జవాబుకు ఆలోచించనే అక్కరలేదు: డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించగా, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది.

తల్లిదండ్రులు తీసుకోవలసిన అసలు జాగ్రత్త సెట్టింగుల్లో కంటే మాటలో ఉంది. తెలియనివారి చాట్‌ను, ఫ్రెండ్ రిక్వెస్టులను ఆపివేయడం మంచిదే. కానీ ఏదైనా జరిగినప్పుడు పిల్లలు దాచేది సిగ్గుతో కొంత, ఫోన్ లాక్కుంటారన్న భయంతో మరికొంత. ‘మీ అమ్మకు చెబుతా’ అని బెదిరించేవాడికి ఆయుధం ఆ భయమే. ‘ఏం జరిగినా వచ్చి చెప్పు, చెప్పినందుకు ఫోన్ తీసుకోను’ అని సెలవుల మొదటిరోజే మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

బెదిరింపు వచ్చిందంటే డబ్బు పంపవద్దు, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి, పిల్లలకు సాయం కావాలంటే 1098కి ఫోన్ చేయాలి. చాట్‌ను తుడిచేయవద్దు. పిల్లల నగ్న చిత్రాలు ఉంటే ఆధారమనుకుని బంధువులకు, స్నేహితులకు పంపవద్దు, అలా పంపడమే నేరం. ఫోన్‌ను అలాగే పోలీసులకు చూపించాలి. బ్లాక్ చేసే ముందు అవతలివాడి ప్రొఫైల్ తెరిచి, పేరుతో పాటు, బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ వంటి ఆటల్లో దాని దగ్గరుండే అంకెల ఐడీ కూడా కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. పేరు మార్చుకోవచ్చు, ఖాతాను గుర్తుపట్టేది ఆ అంకెలతోనే.