కనుమ మాంసానికి ముందు ఖాళీ స్మోకర్‌ని కాల్చండి

పెరట్లో కొత్తగా కట్టెల వేడితో, పొగతో మాంసం వండే ఇనుప పొయ్యి, అంటే ఆఫ్‌సెట్ స్మోకర్ చేయించుకున్నవాళ్ళు చాలామంది దాన్ని కనుమ నాడే మొదటిసారి వెలిగించాలనుకుంటారు. చుట్టాలంతా ఉంటారు, మాంసం ఎలాగూ వండాలి. దయచేసి అలా చేయకండి. కనీసం వారం ముందు, లోపల మాంసం ముక్క కూడా పెట్టకుండా ఒకసారి కాల్చి చూడండి. ఒడిశాలో కొరాపుట్ దగ్గరున్న మా జైపూర్‌లో మేం చేయించుకున్నప్పుడు నేర్చుకున్నవి, ఆ తర్వాత తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాను.

ఈ స్మోకర్‌లో పొయ్యి పెట్టె ఒక పక్కన, కాస్త కిందగా ఉంటుంది. పొగగొట్టం రెండో చివర. వేడీ పొగా మాంసం మీదుగా నడిచి బయటికి పోతాయి. అందుకే ఆ దారిలో ఇనుముకి ఏది అంటుకుని ఉన్నా అది మన తిండికి పడుతుంది.

మాకు చేసిచ్చిన వెల్డింగ్ షాపు అబ్బాయి మంచి మనసుతోనే, "అన్నా, తుప్పు పట్టకుండా లోపల కూడా రెడ్ ఆక్సైడ్ కొట్టేశాను" అన్నాడు. ఆ పెయింటునంతా షాపులోనే వైర్ బ్రష్ మెషీన్‌తో గీకించాల్సి వచ్చింది. గీకేటప్పుడు ముక్కుకి మాస్క్ ఉండాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు. కాబట్టి ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి: లోపల పెయింటు వద్దు, జీఐ రేకు వద్దు, జీఐ జాలీ వద్దు. జీఐ అంటే జింకు పూత. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పొయ్యి పెట్టెలో అంత వేడి మామూలే. ఇక పాత డ్రమ్ముతో చేయించేవాళ్ళు, అందులో ఇదివరకు ఏముండేదో తెలియకపోతే దాన్ని వదిలేయండి. పురుగుమందో యాసిడో ఉన్న డ్రమ్ముని ఎంత కడిగినా నమ్మలేం. మూతబిగించిన ఖాళీ డ్రమ్ముని కోస్తే పేలే ప్రమాదం కూడా ఉంది.

స్మోకర్ ఇంటికి వచ్చాక సబ్బునీళ్ళతో లోపలంతా కడిగి, బాగా ఆరనివ్వండి. షాపులో పట్టిన గ్రీజు, ఇనుప రజను పోవాలి. తర్వాత మాంసం పెట్టే గదికి, జాలీలకి వేరుశనగ నూనె గుడ్డతో పలచగా రాయండి. కొత్త పెనానికి రాసినట్టే. ఎక్కువ రాస్తే జిగురుగా మిగిలిపోయి మసిని పట్టుకుంటుంది. వాడిన ఇంజన్ ఆయిల్ రాస్తే నల్లగా నిగనిగలాడుతుందని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు, వినకండి.

పెట్టే చోటు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. గడ్డికప్పు, పశువుల పాక, ఎండుగడ్డి వామి, బట్టల తీగ ఇవన్నీ దూరంగా ఉండాలి. పక్కన ఒక బకెట్ ఇసుక ఉండాలి. వరండాలో, షెడ్డులో వద్దు.

కట్టెలు మాత్రం జాగ్రత్తగా ఏరండి. మామిడి, జామ, చింత మంచివి, అదీ కనీసం ఆరునెలలు ఎండినవి. రెండు కట్టెల్ని కొడితే ఖంగున మోగాలి. మన వైపు సులువుగా దొరికే నీలగిరి వద్దు, నూనె చెట్టు కాబట్టి పొగ ఘాటుగా ఉంటుంది. గన్నేరు విషం, పుల్ల కూడా కలవకూడదు. పెయింటు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు వద్దు. వెలిగించడానికి కిరోసిన్ బదులు కొబ్బరిపీచు, సన్నటి చితుకులు చాలు.

మొదటి గంట మంట చిన్నగా ఉంచి 120 డిగ్రీల దగ్గర ఆపండి. తర్వాత నెమ్మదిగా 150కి తెచ్చి రెండు మూడు గంటలు నడపండి. పొగగొట్టం పూర్తిగా తెరిచే ఉంచి, వేడిని పొయ్యి వైపు గాలి తలుపుతోనే సర్దాలి. గొట్టం మూస్తే కట్టెలు మంటలేకుండా కుములుతాయి, తెల్లటి చిక్కటి పొగ వస్తుంది, ఆ చేదు గోడలకి అంటుకుంటుంది. పలచగా నీలంగా కనిపించీ కనిపించనట్టు పోయే పొగే మనకి కావాలి. పొయ్యి తలుపు తీసేటప్పుడు ఎదురుగా నిలబడకండి. గాలి అందక అణిగిన మంట ఒక్కసారిగా బయటికి కొడుతుంది.

మూతకి బిగించిన, లోపలి వేడి చూపే మీటరుని ముందే మరిగే నీళ్ళలో పరీక్షించండి. సముద్రమట్టం దగ్గర 100 చూపించాలి. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి. ఆ మూడు డిగ్రీల తేడా చూసి మీటరు పాడైందనుకోకండి.

స్మోకర్ వేడిగా ఉన్నప్పుడే జాలీ అంతా బ్రెడ్ ముక్కలు పరచండి. పది పదిహేను నిమిషాల్లో ఎక్కడ మాడిందో, ఎక్కడ తెల్లగా ఉందో తెలుస్తుంది. ఫోటో తీసి పెట్టుకుంటే కనుమ నాడు ఏ ముక్క ఎక్కడ పెట్టాలో తేల్చుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష ఇది.

మొదటి వంటకి మేక తొడ వద్దు, కోడి కాళ్ళు చాలు. మందంగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా థర్మామీటర్ గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. పైన రంగు చూసి దించేయకండి. పొగలో ఉడికిన కోడి లోపల ఉడికినా గులాబీరంగులో ఉండొచ్చు, ఉడకకపోయినా పైన ఎర్రగా కనిపించొచ్చు. కొవ్వు కారి మంటపడితే నీళ్ళు చల్లకుండా మూత, గాలి తలుపు, గొట్టం అన్నీ మూసేయండి. గొట్టం మూయాల్సింది ఆ ఒక్క సందర్భంలోనే.

అన్నిటికన్నా నాకు భయం వేసేది వంట అయిపోయాక. జనవరిలో మన వైపు రాత్రుళ్ళు పది డిగ్రీల కిందికి దిగుతాయి. మిగిలిన నిప్పులు చూసి ఇంట్లో పెద్దవాళ్ళు, "వృథా ఎందుకు, కుంపట్లో వేసి గదిలో పెట్టండి, పిల్లలకి వెచ్చగా ఉంటుంది" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఒప్పుకోవద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మెలకువగా ఉన్నవాళ్ళకి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం తెలుస్తాయి. నిద్రపోయేవాళ్ళకి అదీ తెలియదు. ఎవరికైనా అలా అనిపిస్తే ముందు ఆరుబయటికి తీసుకురండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

నివురుగప్పిన నిప్పు మర్నాటికి కూడా బతికే ఉంటుంది. బూడిదని మూత ఉన్న ఇనుప బకెట్లోకి ఎత్తి, రాయి మీద, ఇంటికి దూరంగా పెట్టండి. ప్లాస్టిక్ బకెట్లో, చెత్తకుప్పలో పోయకండి. రెండు రోజులయ్యాక చేతివెనకతో బకెట్‌ని తాకి, చల్లగా ఉంటేనే తీసి పారబోయండి.