హాస్టల్‌కి విటమిన్ బిళ్లలు పంపుతున్నారా? కాస్త ఆగండి

ఫిబ్రవరి వచ్చిందంటే ఇంటర్ హాస్టళ్ల గేట్ల దగ్గర ఆదివారాలు ఒకటే సందడి. అమ్మ చేతి సంచిలో జంతికలు, పచ్చడి సీసా, వాటి పక్కనే మెడికల్ షాపులో కొన్న నారింజ రంగు చప్పరించే బిళ్లలు. "రోజుకొకటి వేసుకో నాన్నా, నీరసం రాదు." మా పెద్దాడికి నేనూ ఒక ఏడాది అలాగే సర్ది పంపాను. రెండో వారానికే అయిపోయాయన్నాడు. ఏమిటా అని ఆరా తీస్తే, గదిలో నలుగురూ చాక్లెట్లలా చప్పరించేశారట.

ఆ బిళ్ల ఒక్కోదానిలో మామూలుగా 500 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. 16 నుంచి 18 ఏళ్ల అబ్బాయికి రోజుకి 85, అమ్మాయికి 70 చాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. రోజుకి 200 మిల్లీగ్రాములు అందితే చాలు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో సి దాదాపు నిండిపోతుంది. ఆపైన వేసిందంతా చాలావరకు మూత్రంలో పోయేదే. 14 నుంచి 18 ఏళ్లవాళ్లకి అమెరికా నిపుణులు పెట్టిన గరిష్ఠ హద్దు 1800 మిల్లీగ్రాములు. నాలుగో బిళ్లతో అదీ దాటిపోతుంది. అప్పుడు కడుపునొప్పి, విరేచనాలు. అదీ ఫిజిక్స్ పేపర్ ముందు రోజు! కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకీ, జి6పిడి లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్నవాళ్లకీ పెద్ద మోతాదులు అసలే వద్దు.

సి సంగతి ఎలా ఉన్నా, నాకు ఎక్కువ భయం విటమిన్ ఎ తోనే. ఈ వయసులో మొటిమలు సహజం. వాటికి చర్మం డాక్టరు ఐసోట్రెటినోయిన్ రాసి ఉంటే ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ మందు విటమిన్ ఎ కుటుంబానిదే. దాని మీద ఎ ఉన్న మల్టీవిటమినో, చేప కాలేయపు నూనె క్యాప్సూలో వేస్తే రెండూ కలిసి విషమవుతాయి: విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, కాలేయం మీద భారం. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదవకుండా సంచిలో వేయకండి. జుట్టు కోసమని ఆకుపచ్చ విటమిన్ ఇ క్యాప్సూళ్లు మింగే పిల్లలూ ఉన్నారు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకి అవి రక్తస్రావం తెచ్చిపెడతాయి.

"పోనీ, రక్తపరీక్ష చేయించి చూద్దాం" అంటారా? ఒంట్లో బాగున్న పిల్లలకి అనవసరం. విటమిన్ సి శాంపిల్‌ని వెంటనే చల్లగా, వెలుతురు తగలకుండా ఉంచకపోతే ల్యాబ్‌కి చేరేలోపే పాడై, అంకె తక్కువ చూపిస్తుంది. జ్వరంలో తీస్తే విటమిన్ ఎ తగ్గినట్టు కనిపిస్తుంది. ఇ రక్తంలోని కొవ్వుతో పాటే తిరుగుతుంది కనుక కొలెస్ట్రాల్ తక్కువుంటే అదీ తక్కువే వస్తుంది. చిగుళ్లు ఊరికే రక్తం కారుతున్నా, మసక వెలుతుర్లో తడుముకుంటున్నా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆడపిల్లకైతే ముందు హిమోగ్లోబిన్ చూపించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత తేలింది.

మరి సంచిలో ఏం పెట్టాలి? హాస్టల్ కంచం సంగతి తెలిసిందే: తెల్లన్నం, నీళ్ల సాంబారు, బంగాళాదుంప వేపుడు. లోటు అక్కడుంది. వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకి పైనే సి ఉంటుంది. నిమ్మకాయ పులిహోర కట్టి పంపితే పొయ్యి కట్టేశాక, అన్నం ఆరాక రసం పిండండి. పోపులో పోసి మరిగిస్తే సి కొంత పోతుంది. విటమిన్ ఎ కోసం క్యారెట్, మునగాకు, తోటకూర. వీటికి నూనె పోపు తగలాలి, లేకపోతే ఒంటికి సరిగా పట్టవు. ఇ కోసం వేరుశనగపప్పు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము సరిగా ఒంటబట్టదు, గంట ఆగమనండి.

జామకాయలు దోరవి ఏరండి. బాగా పండినవైతే బుధవారానికే మెత్తబడి ట్రంకు పెట్టెంతా వాసన కొడుతుంది. ఉప్పుకారం విడిగా పొట్లం కట్టండి, రూమ్మేట్లకి కూడా సరిపడా.