ఒకే నెట్, రెండు కంప్యూటర్లు: రెండోదానికి రాకపోతే ఏం చేయాలి?

మొదటి కంప్యూటర్‌లో నెట్ బాగానే వస్తోంది, రెండోదానికి కేబుల్ పెడితే మాత్రం రావట్లేదు. అంటే లైన్‌లో లోపం లేదు, చిక్కంతా ఇంట్లోనే ఉంది. రెండింట్లోనూ నెట్ లేక, ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టె మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ అందట్లేదని చెప్పే) లైటు ఎర్రగా వెలుగుతుంటే అది ఆపరేటర్ చూడాల్సిన పని. అలా లేదంటే ముందు రెండో కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు) చూడండి. విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, కనెక్షన్ ప్రాపర్టీస్ నొక్కితే ఐపీవీ4 అడ్రస్ కనిపిస్తుంది.

అడ్రస్ 169.254తో మొదలైతే

రౌటర్ నుంచి అడ్రస్ అందక విండోస్ తనంతట తాను ఒకటి పెట్టుకుందన్నమాట. చాలాసార్లు కారణం కేబులే. రౌటర్ వెనక వ్యాన్ అని రాసున్న పోర్ట్ ఆపరేటర్ లైన్ కోసం. కంప్యూటర్లు ల్యాన్ పోర్టుల్లోనే పెట్టాలి. పెట్టాక ఆ పోర్ట్ లైటు వెలగకపోతే కేబుల్ మార్చి చూడండి. లైటు వెలుగుతున్నా ఇదే అడ్రస్ వస్తుంటే రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు అడ్రస్‌లు తనే పంచిపెట్టే ఏర్పాటు) ఆఫ్‌లో ఉందేమో చూసి ఆన్ చేయండి.

ఏ ఒక్కటి పెట్టినా పనిచేస్తోంది, రెండూ కలిపితే లేదు

అసలు తలనొప్పి ఇదే. ఆపరేటర్ కేబుల్‌ని మామూలు నెట్‌వర్క్ స్విచ్‌కి (కేబుళ్లు కలిపే చిన్న పెట్టెకి) పెట్టి, అక్కడి నుంచి రెండు కంప్యూటర్లకూ లాగిన ఇళ్లలో వస్తుంది. స్విచ్ వైర్లను కలుపుతుంది తప్ప కనెక్షన్‌ని పంచదు. కంప్యూటర్‌లోనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి డయల్ చేసే పీపీపీఓఈ కనెక్షన్ అయితే, ఒక అకౌంట్‌తో సాధారణంగా ఒక్క లాగిన్‌నే ఒప్పుకుంటారు. ఒకటి లోపలికి వెళ్లాక రెండోదానికి తలుపు తెరుచుకోదు.

పరిష్కారం రౌటరే. ఆ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్ వ్యాన్ సెట్టింగ్స్‌లో ఇచ్చి, కంప్యూటర్లలోని డయలర్ తీసేయండి. ఇక లాగిన్ చేసేది రౌటర్ ఒక్కటే.

అయినా రాకపోతే ఆపరేటర్ మొదటి కంప్యూటర్ మ్యాక్ అడ్రస్‌ని (నెట్‌వర్క్ పోర్ట్‌కి తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబరు) తన సిస్టమ్‌లో కట్టేసి ఉండొచ్చు. రౌటర్ మ్యాక్ నమోదు చేయమని అడగండి, లేదా రౌటర్‌లో మ్యాక్ క్లోన్ అనే ఆప్షన్ ఉంటే పాత కంప్యూటర్ మ్యాక్‌ని అందులో ఇవ్వండి.

నెట్ రెండింటికీ ఉంది, కానీ ఒకదానికొకటి కనిపించవు

ఓఎన్‌టీలోనే రౌటర్ ఉన్నా ఇంకో రౌటర్ కొని తగిలించేవాళ్లు చాలామంది. ఒక కంప్యూటర్ పాతదానికి, ఇంకోటి కొత్తదానికి కలిస్తే అవి రెండు వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నట్టే. షేర్ చేసిన ఫోల్డర్, ప్రింటర్ దొరకవు. కొత్త రౌటర్ అడ్రస్‌ని పాతదానితో తగాదా రాకుండా మార్చండి (పాతది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2), దాని డీహెచ్‌సీపీ ఆపేయండి, పాతదాని నుంచి వచ్చే కేబుల్‌ని దాని వ్యాన్‌లో కాకుండా ల్యాన్‌లో పెట్టండి. వైఫై వాడుతుంటే రెండింటిలో ఏదీ గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథుల కోసం విడిగా ఉంచే వైఫై) లేకుండా చూడండి.

ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అని మెసేజ్ వస్తే ఎవరో అడ్రస్ చేత్తో ఇచ్చారని అనుకోవచ్చు. ఆటోమేటిక్‌కి మార్చితే సరి.

రెండోది మొదలెట్టగానే నత్తనడక

100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకి 100 మెగాబిట్లు, అంటే గరిష్ఠంగా 12.5 మెగాబైట్లు (ఎనిమిది బిట్లు ఒక బైటు). రెండూ ఒకేసారి డౌన్‌లోడ్ చేస్తే చెరో ఆరు వస్తుంది, అది లోపం కాదు. ఒకదాంట్లో ఫొటోల బ్యాకప్ అప్‌లోడ్ అవుతుంటే మాత్రం రెండోదాంట్లో వీడియో కాల్ ముక్కలు ముక్కలవుతుంది. బ్యాకప్‌కి స్పీడ్ లిమిట్ పెట్టండి, లేదా రాత్రికి మార్చండి.

ప్లాన్ 200 లేదా 300 అయినా ఒక కంప్యూటర్‌లో 95 దాటట్లేదంటే కేబుల్ మీద అనుమానపడండి. ఎనిమిది తీగల్లో నాలుగే కలిపి క్రింప్ చేస్తే లింక్ 100 దగ్గరే ఆగిపోతుంది. ఎనిమిదీ కలిసిన క్యాట్ 5ఈ కేబుల్ చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

రౌటర్ కొనకుండా అవుతుందా?

అవుతుంది. మొదటి కంప్యూటర్‌లో రెండు నెట్‌వర్క్ పోర్టులు ఉంటే విండోస్‌లోని ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ ఆన్ చేయొచ్చు. రెండోదానికి 192.168.137తో మొదలయ్యే అడ్రస్ వస్తే పని అయినట్టే. కానీ మొదటిది ఆపినా, స్లీప్‌లోకి వెళ్లినా రెండోదానికి నెట్ పోతుంది. ఒకటి రెండు రోజులకైతే సరే, రోజూ వాడేందుకు మాత్రం నేను సిఫార్సు చేయను.