ఎముకలు గుల్లబారిన వారికి కసరత్తు నేర్పడం – 3వ పాఠం: నడుము కాదు, తుంటి దగ్గర వంగాలి

కిందటి పాఠంలో డెక్సా (ఎముకల సాంద్రత కొలిచే ఎక్స్-రే పరీక్ష) రిపోర్టు చదవడం నేర్చుకున్నాం. అందులో టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం అని, ఇదివరకు ఎముక ఏదైనా విరిగిందా అని తప్పకుండా అడగాలని చెప్పుకున్నాం. ఆ వివరాలు రాసుకున్నాక క్లయింట్‌కి మొదట నేర్పాల్సింది వంగడం. బరువులు ఆ తర్వాతే.

వెన్ను గుండ్రంగా ముందుకు వంగినప్పుడు భారమంతా వెన్నుపూసల ముందు అంచు మీద పడుతుంది. లోపలి ఎముక పలచబడి ఉంటే ఆ అంచు నలిగిపోతుంది. కింద పడాల్సిన పనే లేదు, నీళ్ల బకెట్ ఎత్తినా చాలు. చాలామంది దీన్ని మామూలు నడుము నొప్పి అనుకుని మాత్ర వేసుకుంటారు. ఎత్తు తగ్గడం, గూని రావడం తర్వాతెప్పుడో కనిపిస్తాయి.

1984లో మేయో క్లినిక్ పరిశోధకులు ఈ జబ్బున్న 59 మంది స్త్రీలను గమనించారు. ముందుకు వంగే కసరత్తులు మాత్రమే చేసినవారిలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా దెబ్బతిన్నాయి. వెన్ను నిటారుగా చేసే కసరత్తులు చేసినవారిలో అది 16 శాతమే. చాలా చిన్న అధ్యయనం, మొదటి గుంపులో ఉన్నది తొమ్మిది మందే. అయినా సిటప్స్, క్రంచెస్, కాలి వేళ్లు అందుకోవడం మాన్పించడానికి నాకు అది చాలు. పశ్చిమోత్తానాసనం కూడా వద్దు. "ఇరవై ఏళ్లుగా చేస్తున్నా, ఏమీ కాలేదు" అనేవాళ్లు ఉంటారు. వాదనకు దిగకండి. సూర్య నమస్కారాల్లో చేతులు నేలకు ఆనించే చోట, కుర్చీ మీద ఆనించి వెన్ను చదునుగా ఉంచమనండి. ఆసనం పూర్తిగా మానమంటే వాళ్లు మిమ్మల్నే మానేస్తారు.

ఇక సాధన. మాప్ కర్ర ఒకటి తీసుకోండి. క్లయింట్ వెన్ను వెంబడి నిలువుగా పెట్టి, పైన ఒక చేత్తో, నడుము దగ్గర ఇంకో చేత్తో పట్టుకోమనండి. కర్ర తల వెనక, వీపు పైభాగాన, పిరుదుల మధ్య ఎముక దగ్గర తగలాలి. గూని ఉన్నవారికి తల తగలదు, బలవంతంగా వెనక్కి నెట్టకండి. వాళ్లకు మిగతా రెండు చోట్లు చాలు. తలకీ కర్రకీ మధ్య ఖాళీ మొదట ఎంత ఉందో చివరిదాకా అంతే ఉండాలి.

వీపు గోడవైపు ఉండేలా, గోడకు జానెడు దూరంలో నిలబెట్టండి. మోకాళ్లు కొద్దిగా సడలించాలి. "ఆంటీ, ముందుకు వంగండి" అన్నారో, నడుమే వంగుతుంది. చేతుల్లో గిన్నెలున్నప్పుడు తలుపును పిరుదులతో నెట్టి మూసినట్టు వెనక్కి జరపమనండి, వెంటనే అర్థమవుతుంది. పిరుదులు గోడకు తగిలాక, ఊపిరి వదులుతూ పైకి లేవాలి. ఊపిరి బిగపడితే బీపీ పెరుగుతుంది. ఇది బాగా వచ్చాక ఇంకాస్త దూరం జరపండి.

మీరు పక్కనుంచి చూడాలి, ఎదురుగా నిలబడితే ఏమీ తెలియదు. పిక్కలు దాదాపు నిలువుగా ఉన్నాయా? మోకాళ్లు ముందుకు పోతుంటే అది స్క్వాట్ అవుతోంది. కర్ర ఎక్కడ వదులైతే అక్కడితో ఆపేయాలి. ఎంత కిందకి వంగారన్నది లెక్క కాదు. తొడల వెనక లాగుతోందంటే సరిగ్గా చేస్తున్నారు. నడుము లాగుతోందంటే మళ్లీ గోడ దగ్గరికి. అద్దంలో చూసుకోవాలని తల పైకెత్తుతారు, అది మాన్పించి చూపు నాలుగడుగుల ముందు నేల మీద ఉంచమనండి.

మీ దగ్గర గడిపేది వారానికి రెండు మూడు గంటలు. ఇంట్లో రోజుకి ఎన్నిసార్లు వంగుతారో అడిగి చూడండి: పొట్టి చీపురు, వాకిట్లో ముగ్గు, మంచం కింద సామాను. పొడవాటి కర్ర ఉన్న చీపురు కొనిపించండి. బకెట్ సగమే నింపి, పాదాల దగ్గరకు లాక్కుని ఎత్తమనండి. ముగ్గు మానమని మాత్రం చెప్పకండి, ఎవరూ మానరు. చిన్న పీట మీద కూర్చుని వేసినా, వెన్ను గుండ్రంగా వంచి చేయి చాచొద్దని చెప్పండి.

జాగ్రత్త పేరుతో కిలో డంబెల్ దగ్గరే ఏళ్లకేళ్లు ఉంచేయడం కూడా పొరపాటే. ఎముకకు భారం తెలియాలి. ఆస్ట్రేలియాలో జరిగిన లిఫ్ట్‌మోర్ పరిశోధనలో, ఎముకల సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలలో ఒక గుంపు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, 8 నెలలు పర్యవేక్షణలో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును తుంటి దగ్గర వంగి ఎత్తడం), స్క్వాట్ లాంటివి బాగా బరువుతో చేసింది. వాళ్ల నడుము ఎముకల సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామం చేసినవాళ్లకు 1.2 శాతం తగ్గింది. అందులో కూడా మొదటి నెల తక్కువ బరువుతో పద్ధతి నేర్పడానికే కేటాయించారు. మనం ఇప్పుడు ఆ నెలలో ఉన్నాం.

కర్ర కదలకుండా ఎనిమిదిసార్లు, రెండు విడతలు చేయగలిగితే కర్ర తీసేసి, స్టూల్ మీద పెట్టిన నాలుగు కిలోల కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న ఇనుప గుండు) ఎత్తించండి. నేల మీద నుంచి ఇప్పుడే వద్దు. వెన్నులో కొత్తగా, ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే ఆ రోజు కసరత్తు ఆపి డాక్టర్ దగ్గరికి పంపాలి.

వచ్చే పాఠంలోపు మీ ముగ్గురు క్లయింట్లను పక్కనుంచి ఫోన్లో వీడియో తీసి, కర్ర ఎక్కడ వదులవుతోందో రాసిపెట్టుకోండి. స్టూల్ ఎత్తు ఎప్పుడు, ఎంత తగ్గించాలో ఆ నోట్సు చూసే నిర్ణయిద్దాం.