ముసురులో నల్లతోక జింక వేట: నడక తగ్గించండి, నిలబడటం నేర్చుకోండి

ఏటా అక్టోబర్ మూడో వారానికల్లా నాకు ఇలాంటి ఫోన్ ఒకటైనా వస్తుంది. "అన్నా, తెల్లారి నుంచి చీకటి పడేదాకా ఎనిమిది మైళ్లు తిరిగాను. ఒక్క జింకా కనబడలేదు. ఆ అడవిలో అసలు జింకలే లేవు." ఉన్నాయి. అతనికి అవి కనబడలేదు, వాటికి మాత్రం అతను కనబడ్డాడు. ఎనిమిది మైళ్లు నడిచానని చెప్పగానే మిగతా కథ నాకు అర్థమైపోతుంది.

పన్నెండేళ్లుగా అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, కోస్ట్ రేంజ్ కొండల అడవుల్లో బ్లాక్‌టెయిల్ (నల్లతోక) జింకను వేటాడుతున్నాను. హిల్స్‌బరో, బీవర్టన్ వైపు ఉండే మనవాళ్లు కొందరు ఈ మధ్య ఇందులోకి వస్తున్నారు. అందరూ ఒకే తప్పు చేస్తున్నారు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకసారి పూర్తిగా రాసేద్దామని ఇది రాస్తున్నాను.

ముందు ఈ జింక సంగతి

బ్లాక్‌టెయిల్ మ్యూల్ డీర్‌కి ఉపజాతి. ఉత్తర కాలిఫోర్నియా నుంచి బ్రిటిష్ కొలంబియా దాకా, కాస్కేడ్ కొండలకు పడమటి వైపు ఉంటుంది. అలాస్కా తీరంలో ఉండే సిట్కా జింక కూడా దీని దాయాదే. అయితే మ్యూల్ డీర్ వేట వీడియోలు చూసి ఇక్కడికి రాకండి. అవి తూర్పు ఒరెగాన్ లాంటి ఎండు నేలల్లో తీసినవి. అక్కడ కొండ మీద కూర్చుని మైలు దూరం చూస్తారు, మూడు వందల గజాల నుంచి కొడతారు. తీరం వైపు అడవిలో ఏడాదికి 80 అంగుళాలకు పైగా వాన పడుతుంది. డగ్లస్ ఫర్, హెమ్‌లాక్, సీడార్ చెట్ల కింద నడుం ఎత్తున స్వోర్డ్ ఫెర్న్, దాని మధ్య సలాల్ పొదలు, ముళ్ల బ్లాక్‌బెర్రీ. నలభై గజాలు కనబడితే అది మంచి చోటు.

ఈ జింకకు ఇంకో అలవాటు ఉంది. మనిషి అలికిడి వింటే చాలాసార్లు పరుగెత్తదు. ఉన్నచోటే కదలకుండా నిలబడి మనల్ని దాటిపోనిస్తుంది. మనం ముందుకెళ్లాక మెల్లగా వెనక నుంచి జారుకుంటుంది. ఇక్కడ వేట పద్ధతి అంతా ఈ ఒక్క అలవాటును బట్టే ఉంటుంది.

కాగితాలు, సామాను

లైసెన్స్, డీర్ టాగ్ (జింకను కొట్టడానికి అనుమతి చీటీ, కొట్టాక దానికి వేయాలి) రెండూ కావాలి. పశ్చిమ ఒరెగాన్ జనరల్ రైఫిల్ సీజన్ ఇంచుమించు అక్టోబర్ అంతా ఉండి నవంబర్ మొదట్లో ముగుస్తుంది. తేదీలు ఏటా మారతాయి, ఆ ఏటి నిబంధనల పుస్తకం చూడండి. టాగ్ సీజన్ మొదలవకముందే కొనాలి. పక్కనున్న వాషింగ్టన్ రాష్ట్రంలో వేటాడేవాళ్లు 1972 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లయితే హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. ఒరెగాన్‌లో పెద్దవాళ్లకు తప్పనిసరి కాదు. నా మాట వింటే, ఆ కోర్సు చేయనివాళ్లు తుపాకీ ముట్టుకోకూడదు.

మనవాళ్లకు ముఖ్యమైన విషయం ఇంకొకటి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకీ కాసేపు పట్టుకున్నా ఇదే లెక్క. దీని మీద రాష్ట్రాల చట్టాలు వేరేగా ఉంటాయి కాబట్టి ముందు లాయర్‌ని అడగండి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను వేటాడటం నేరం. ఇక్కడ లైసెన్స్ డబ్బు, 1937 చట్టం కింద తుపాకులు, తూటాల మీద వసూలు చేసే పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళతాయి. ఊళ్లో అమ్మానాన్నలకు ఇది వివరించి చెప్పడం నాకు రెండేళ్లు పట్టింది.

సామాను గురించి ఎక్కువ చెప్పను. ఉన్ని బట్టలు, రబ్బరు బూట్లు, దిక్సూచి, నిప్పు, రెండు టార్చిలైట్లు. కాటన్ వద్దు. తడిసిన కాటన్ ఒంట్లో వేడిని లాగేస్తుంది, ఎనిమిది డిగ్రీల చలిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. నైలాన్ రెయిన్‌కోటు కూడా వద్దు. కొమ్మ తగిలితే చేసే 'స్స్' శబ్దం జింకకు బాగా వినబడుతుంది. పొట్టి రైఫిల్, తక్కువ పవర్ స్కోపు చాలు. రైఫిల్ గొట్టం మూతికి ఒక ముక్క ఎలక్ట్రికల్ టేప్ వేస్తే నీళ్లు లోపలికి పోవు. నారింజ రంగు చొక్కా వేసుకోండి. వాషింగ్టన్‌లో రైఫిల్ సీజన్‌లో నారింజ లేదా గులాబీ తప్పనిసరి. ఒరెగాన్‌లో పెద్దవాళ్లకు చట్టం అడగకపోయినా వేసుకోవాలి. అదే నెలలో అవే అడవుల్లో షాంటరెల్ పుట్టగొడుగులు ఏరుకునేవాళ్లు తిరుగుతుంటారు. జింకకు ఆ రంగు మనకు కనబడినట్టు కనబడదు.

చోటు, వేళ

దట్టమైన అడవి నడిమధ్యకు వెళ్లకండి. చెట్లన్నీ కొట్టేసి కొన్నేళ్లయిన క్లియర్‌కట్ ఒక పక్క, పెద్ద చెట్లు ఇంకో పక్క ఉన్న అంచు వెతకండి. క్లియర్‌కట్‌లో మేత ఉంటుంది, పెద్ద చెట్ల కింద దాపు ఉంటుంది. ఆ రెంటి మధ్య దారుల్లో గిట్టల గుర్తులు, మేక పెంటికల్లాంటి పెంటికలు, కొమ్ములతో రుద్దిన ఆల్డర్ మొక్కలు కనబడతాయి. టిల్లమూక్, క్లాట్సప్ స్టేట్ ఫారెస్టుల్లో, సయూస్లా నేషనల్ ఫారెస్టులో ఇలాంటి అంచులు కావలసినన్ని. కలప కంపెనీల నేలలో మాత్రం అనుమతి లేకుండా అడుగు పెట్టకండి.

వాన గురించి భయపడకండి. నేను ఎండ రోజున ఇంట్లో ఉంటాను, ముసురు పట్టిన రోజున వెళతాను. తడిసిన ఆకు చప్పుడు చేయదు. చెట్ల మీంచి కారే చుక్కల శబ్దంలో మన అడుగు కలిసిపోతుంది. జడివాన, ఈదురుగాలి ఉన్నంతసేపు జింక చిక్కటి చోట పడుకుని నెమరు వేస్తుంది. వాన తెరిపి ఇవ్వగానే లేచి మేతకొస్తుంది. తెరిపి ఇచ్చిన ఆ మొదటి గంట కోసం రోజంతా తడవచ్చు. చాలామంది సరిగ్గా అప్పుడే కారులో హీటర్ వేసుకుని శాండ్‌విచ్ తింటుంటారు.

అసలు పని: అడుగు, ఆగడం, చూడటం

ఇక్కడ తొందరపడి చదవకండి. అందరూ తప్పేది ఈ భాగంలోనే.

ముందు గాలి. జింకకు కన్ను కంటే, చెవి కంటే ముక్కు ముఖ్యం. చిన్న సీసాలో టాల్కం పౌడర్ పెట్టుకుని అయిదు నిమిషాలకోసారి కొద్దిగా వదిలి, ఎటు పోతోందో చూడండి. గాలి మీ ముఖానికి తగలాలి, కనీసం చెంపకు తగలాలి. మెడ వెనక చల్లగా తగిలిందంటే ఆ దారి వదిలేసి చుట్టు తిరిగి రండి. 'ఇంకో యాభై గజాలేగా' అనుకుని ముందుకెళ్లినవాళ్లెవరూ జింకను తేలేదు. వాగు పల్లాల్లో గాలి సుడి తిరుగుతుంది, అక్కడ ఎంత జాగ్రత్తపడినా లాభం లేదు. గట్టు మీదే ఉండండి.

తర్వాత అడుగు. మూడు అడుగులు వేసి ఆగండి. నాలుగు వద్దు. పాదం కింద పెట్టాక వెంటనే బరువు వేయకండి. నాచు కింద ఎండు పుల్ల ఉందేమో బూటుతో తడిమి చూసి, లేదని తెలిశాకే బరువు మార్చండి. ఉంటే పాదం ఎత్తి ఇంకోచోట పెట్టండి. కుళ్లిన దుంగ మీద అడుగు వేయకండి, జారుతుంది. దాన్ని దాటకుండా చుట్టి వెళ్లండి. వైన్ మేపుల్ కొమ్మ అడ్డొస్తే చేత్తో పట్టుకుని దాటి, చేత్తోనే మెల్లగా వదలండి.

ఆగేటప్పుడు ఖాళీలో ఆగకూడదు. చెట్టు మానుకు ఆనుకుని ఆగండి. ఎంతసేపు? కనీసం మూడు నిమిషాలు, మంచి చోటయితే పది. గడియారం చూసుకోండి. ఎందుకంటే ముప్పై సెకన్లకే మనకు మూడు నిమిషాలు అయినట్టు అనిపిస్తుంది. నేను కొత్తవాళ్లను తీసుకెళ్లినప్పుడు గంటకు రెండు వందల గజాలు మించి నడవనివ్వను. మొదటి గంటలో వాళ్లకు విసుగు, రెండో గంటలో నా మీద కోపం. మూడో గంటకు కళ్లు పనిచేయడం మొదలుపెడతాయి. ఆ మూడో గంట దాకా ఓపిక పట్టనివాళ్లు ఈ అడవిలో జింకను చూడలేరు.

చూడటం కూడా నేర్చుకోవాల్సిందే. పూర్తి జింక కోసం వెతికితే కనబడదు. ముక్కల కోసం వెతకండి. నిలువు చెట్ల మధ్య అడ్డంగా ఒక గీత. అది వీపు కావచ్చు, చాలాసార్లు పడిపోయిన దుంగ. అయినా ప్రతి గీతనూ చూడాలి. ఫెర్న్ మీద చెవి విదిలింపు, తడి ముక్కు మెరుపు, కొమ్మలా ఉన్నా ఆ చెట్టు కొమ్మ కానిది. అక్టోబర్‌లో దీని ఒళ్లు బూడిద కలిసిన గోధుమరంగు, అచ్చం తడిసిన మానులా ఉంటుంది.

ఆగిన ప్రతిసారీ ఒక మోకాలి మీద కూర్చోండి. హెమ్‌లాక్ చెట్ల కింది కొమ్మలు ఎండి రాలిపోతాయి కాబట్టి నేలకు అడుగున్నర, రెండడుగుల ఎత్తులో ఖాళీ ఉంటుంది. నిలబడితే ఆకులే కనబడే చోట, కూర్చుంటే జింక కాళ్లు కనబడతాయి. బైనాక్యులర్స్ ముప్పై గజాల దూరానికి ఎందుకని అడుగుతారు. అందుకే కావాలి. ఫోకస్ కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే ముందున్న పొద మసకబారి దాని వెనక పొర తేలుతుంది, తర్వాత దాని వెనకది. కళ్లతో చూస్తే పచ్చటి గోడ, బైనాక్యులర్స్‌తో అదే గోడలో గదులు కనిపిస్తాయి. అద్దం మీద ఊపిరి పడకుండా చూసుకోండి, పొడి గుడ్డ లోపలి జేబులో పెట్టుకోండి.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. వెనక్కి చూడండి. దాటనిచ్చి జారుకోవడం దీని అలవాటని చెప్పాను కదా. నేను కొట్టిన జింకల్లో సగం వెనక్కి తిరిగినప్పుడు కనబడినవే.

పికప్ ట్రక్కులో కలప రోడ్ల మీద తిరుగుతూ కిటికీలోంచి చూసేవాళ్లున్నారు. దాన్ని నేను వేట అనను. వాహనంలోంచి కాల్చడం చట్టరీత్యా నేరం కూడా. చెట్టు మీద మంచె కట్టి మాటు వేసేవాళ్లను తప్పుపట్టను. కానీ తెరిపి ఇచ్చిన గంటలో జింక ఏ అంచుకు వస్తుందో ముందే ఎవరికి తెలుసు? కాళ్ల మీద ఉన్నవాడు మారే గాలితో పాటు మారగలడు. కొమ్ములు రెండు కొట్టి చప్పుడు చేసి పిలవడం పనిచేస్తుంది గానీ అక్టోబర్ చివరి వారానికి ముందు వద్దు. జత కట్టే కాలం నవంబర్ మధ్యకి ముదురుతుంది, అంతకుముందు ఆ చప్పుడు మగ జింకకు పట్టదు.

తూటా, ఆ తర్వాత

జింక కనబడగానే గుండె దడదడలాడుతుంది. ఆ టెన్షన్‌లో పొదలోంచి కాల్చకండి. పెద్ద తూటా పుల్లల్ని చీల్చుకుపోతుందన్నది అబద్ధం, చిటికెన వేలంత కొమ్మ చాలు దాన్ని దారి తప్పించడానికి. జింక పక్కకు తిరిగి ఉండాలి, ముందు కాలి వెనక ఖాళీగా కనబడాలి, కొమ్ములున్నాయని తేలాలి, వెనక ఏముందో తెలియాలి. నాలుగింటిలో ఒక్కటి లేకపోయినా ట్రిగ్గర్ మీంచి వేలు తీసేయండి.

కాల్చాక పరుగెత్తకండి. మీరు నిలబడిన చోట రంగు రిబ్బన్ కట్టండి. జింక నిలబడిన చోటు, చివరిసారి కనబడిన చెట్టు గుర్తు పెట్టుకోండి. మామూలుగా అరగంట ఆగాలంటారు. వానలో అంతసేపు ఆగితే నెత్తురు కడుక్కుపోతుంది. తగిలిందని నమ్మకం ఉంటే నేను పావుగంట ఆగి, మెల్లగా కదులుతాను. నెత్తురు నేల మీద కంటే ఫెర్న్ ఆకుల అడుగు వైపు, మోకాలి ఎత్తున పొద పక్కల మీద ఎక్కువసేపు నిలుస్తుంది. అనుమానపు మరక మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లితే, నెత్తురైతే నురగ వస్తుంది. ప్రతి మరక దగ్గరా ఒక రిబ్బన్. వెనక్కి చూస్తే ఆ రిబ్బన్ల వరసే జింక ఎటు వెళ్లిందో చెబుతుంది.

మొదటి ఏడాది నేను రిబ్బన్ కట్టలేదు. తగిలిందన్న ఆనందంతో అది పోయిన వైపు పరుగెత్తాను. రెండు వందల గజాల తర్వాత నేను ఎక్కడ నుంచి కాల్చానో నాకే తెలియలేదు. జడివానలో చీకటి పడేదాకా వెతికాను, మర్నాడు రోజంతా వెతికాను. దొరకలేదు. ఆ జింక నాకు ఇప్పటికీ బాకీయే. అందుకే సంచిలో ఏది లేకపోయినా రిబ్బన్ చుట్ట మాత్రం ఉండాలి.

మాంసం

టాగ్ వెంటనే వేసి, అక్కడే పేగులు తీసేయండి. మగదో ఆడదో తెలిపే ఆనవాలు చట్టం చెప్పినట్టు మాంసానికి అంటి ఉండాలి. వాతావరణం చల్లగా ఉంది కదా అని చర్మంతో వదిలేయకండి, లోపల వేడి అలాగే ఉండిపోతుంది. ఆ సాయంత్రమే చర్మం ఒలిచి, గుడ్డ సంచుల్లో వేసి, తడి తగలకుండా వేలాడదీయండి. వండేముందు తెల్లటి కొవ్వు అంతా తీసేయాలి. మనవాళ్లు వాసన అని ముఖం తిప్పుకునేది ఆ కొవ్వుకే. వీపు కండ నాలుగు నిమిషాలు పెద్ద మంట మీద వేపుడు, తొడ మాంసం సన్నని సెగ మీద రెండు గంటలు ఇగురు. తొడను ప్రెజర్ కుక్కర్‌లో పెట్టకండి, పీచులా అవుతుంది.

ఒరెగాన్‌లో ఇంకో పని ఉంది. జనవరి 31లోపు ఆన్‌లైన్‌లో వేట రిపోర్ట్ ఇవ్వాలి. ఏమీ కొట్టకపోయినా, అసలు అడవికే వెళ్లకపోయినా, టాగ్ కొన్నారంటే ఇవ్వాల్సిందే.