డీసీసీ మోడల్ రైలు లేఅవుట్‌కి అడాప్టర్ కొనేముందు

డీసీసీ అంటే మోడల్ రైళ్లను పట్టాల ద్వారా డిజిటల్ సంకేతాలతో నడిపే పద్ధతి; పట్టాలకి ఆ కరెంటు పంపే పెట్టె బూస్టర్. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ ఉంటే దాన్నే డీసీసీ బూస్టర్‌కి తగిలించేద్దామని అనిపిస్తుంది. ముందు దాని మీది లేబుల్ చదవండి. చాలావాటి మీద 19 వోల్టులని ఉంటుంది. హెచ్‌ఓ స్కేల్‌లో (మోడల్ రైళ్ల ఒక సైజు) పట్టాల మీదికి 14, 15 వోల్టులు వస్తే చాలు, అంతకంటే చిన్నదైన ఎన్ స్కేల్‌కి 12 దగ్గర సరిపోతుంది. బూస్టర్‌లోనే ఒకటి రెండు వోల్టులు పోతాయి కాబట్టి హెచ్‌ఓకి 16 వోల్టుల డీసీ అడాప్టర్ చక్కగా కుదురుతుంది. పట్టాల వోల్టేజీని తగ్గించుకునే వీలు మీ బూస్టర్‌లో లేకపోతే, ఆ మిగులంతా డీకోడర్‌లో (ఇంజిన్ లోపల సంకేతాలు అందుకుని మోటారు నడిపే చిన్న బోర్డు) వేడిగా మారుతుంది. వేలెడంత ఇంజిన్‌లో ఆ వేడి పోవడానికి చోటే ఉండదు!

ఆంపియర్ల సంగతి వేరు. అడాప్టర్ మీద ఎక్కువ రాసి ఉన్నా ఇంజిన్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. సౌండ్ ఉన్న ఇంజిన్‌కి అర ఆంపియర్ లెక్కేసుకోండి, బోగీల లైట్లకి ఇంకొంచెం. మూడు రైళ్లు నడిపితే 3 ఆంపియర్ల బూస్టర్, దానికి తగ్గ 50 వాట్ల అడాప్టర్ చాలు. బూస్టర్ కంటే అడాప్టర్ చిన్నదైతేనే చిక్కు: షార్ట్ అయినప్పుడు వోల్టేజీ కుంగిపోయి బూస్టర్ సరిగ్గా ట్రిప్ కాకపోవచ్చు.

అన్నీ బిగించాక రూపాయి బిళ్ల తీసుకుని, రెండు పట్టాలకీ తగిలేలా అక్కడక్కడా పెట్టి చూడండి. పెట్టగానే బూస్టర్ ఆగిపోవాలి. ఆగలేదంటే బిళ్ల వెంటనే తీసేసి, ఆ చోటికి ఇంకాస్త లావు తీగ వేయండి.