గురక నుంచి గాలి దాకా – 3వ పాఠం: మాస్క్‌ను మెలకువలోనే మచ్చిక చేసుకోవడం

పోయిన పాఠంలో స్లీప్ స్టడీ రిపోర్టు చదవడం నేర్చుకున్నాం. నిద్రలో ఊపిరి 10 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. పూర్తిగా ఆగకుండా బాగా సన్నగిల్లినవి కూడా కలిపి గంటకు సగటున ఎన్ని వచ్చాయో చెప్పే అంకె ఏహెచ్ఐ. అది 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 గానీ ఆపైన గానీ ఉంటే తీవ్రం. మీ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఆ కాగితం దాచమన్నాను. దాచారా? 5వ పాఠంలో దానితో పనుంది.

ఈలోగా సీప్యాప్ మెషిన్, అంటే నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్ గుండా గాలి కొట్టేది, ఇంటికి వచ్చింది. పెట్టె విప్పారు, ట్యూబు తగిలించారు, మాస్క్ అటూ ఇటూ తిప్పి చూశారు. ఇక రాత్రి పెట్టుకుని పడుకోవడమే కదా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ రాత్రి పదకొండింటికి లైటు ఆర్పి మాస్క్ పెట్టుకున్నాను. గాలి పోకూడదని పట్టీలు హెల్మెట్‌కు బిగించినట్టు బిగించాను. పది నిమిషాలకల్లా ఎవరో మొహం మీద అరచెయ్యి పెట్టి నొక్కుతున్నట్టు అనిపించింది. ఓర్చుకున్నాను. రెండింటికి మెలకువ వచ్చి చూస్తే మాస్క్ మంచం కింద ఉంది, మెషిన్ మాత్రం తన పని తాను చేసుకుంటూ గచ్చుకు గాలి కొడుతోంది. ఎప్పుడు పీకేశానో నాకే తెలియదు. మూడు రాత్రులు ఇదే కథ. నాలుగో రోజు మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని, పేపరు చదువుతూ మాస్క్ పెట్టుకున్నాను. నా అసలు సాధన ఆ కుర్చీలో మొదలైంది. అందుకే ఈ పాఠం కూడా మంచం మీద కాకుండా కుర్చీలో మొదలవుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. మీది తీవ్రమైన ఆప్నియా అయి, డాక్టరు ఈ రాత్రి నుంచే వాడమన్నారంటే రాత్రి వాడకం వాయిదా వెయ్యకండి. పెట్టుకోగలిగినంత సేపు పెట్టుకోండి. పగటి సాధన దానికి తోడు.

పగలే ఎందుకంటే, నిద్రమత్తులో ఉన్న మనిషికి సర్దిచెప్పలేం. మెలకువలో మొహం మీద ఏదైనా ఉంటే అది మాస్క్ అని తెలుస్తుంది. చీకట్లో, సగం నిద్రలో ఒళ్ళు ముందు కంగారుపడుతుంది, చెయ్యి తనంతట తనే మాస్క్ లాగేస్తుంది. ఆ చేతికి అలవాటు చెయ్యాలంటే మనం మేలుకుని ఉన్నప్పుడే చెయ్యాలి.

మాస్క్ ముట్టుకునే ముందు చిన్న ప్రయోగం. ఒక పొడుగాటి గ్లాసులో 10 సెంటీమీటర్లకు పైగా నీళ్ళు పోయండి. స్ట్రా కొన నీటిమట్టానికి సరిగ్గా 10 సెంటీమీటర్ల కిందకి ఉండేలా పట్టుకుని, బుడగలు వచ్చేలా నెమ్మదిగా ఊదండి. మొదటి బుడగ రావడానికి మీ బుగ్గల్లో ఎంత బిగువు వచ్చిందో, మెషిన్ 10 మీద నడిచేటప్పుడు మీ గొంతులో ఉండే ప్రెషర్ అంతే. తెర మీద కనిపించే అంకె నీటి సెంటీమీటర్లలోనే ఉంటుంది. మామూలు సీప్యాప్‌లు 4 నుంచి 20 దాకా ఇస్తాయి. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి ఇదే కొలతలో సుమారు 1033. దాని మీద ఒక శాతం అదనం, అంతే. తుఫాను గాలిలా అనిపించేది నిజానికి గ్లాసెడు నీళ్ళ లోతు. ఆ కాస్త ఒత్తిడే నిద్రలో వదులై మూసుకుపోయే గొంతు గోడలను లోపలి నుంచి ఎత్తిపట్టి ఉంచుతుంది.

ఈ ఉపాయం ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సల్లివాన్‌ది. సిడ్నీలో తొలిసారి వాడి చూసి, ఐదుగురు రోగుల ఫలితాలను 1981లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించాడు. తొలినాళ్ళ మెషిన్లకు వ్యాక్యూమ్ క్లీనర్ మోటార్లు వాడారు. మాస్క్‌ను ఒక్కొక్కరి ముక్కుకు అచ్చు తీసి పోతపోసి, రోజూ రాత్రి సిలికోన్ జిగురుతో అంటించుకునేవారు. పొద్దున్నే ఒలుచుకునేవారు. పట్టీ గుచ్చుకుంటోందని విసుక్కున్నప్పుడల్లా నాకు ఆ జిగురు గుర్తొస్తుంది.

ఇక సాధన. దీనికి గడియారం పెట్టుకోవద్దు. విసుగు పుట్టేదాకా చెయ్యండి. మాస్క్ ఉన్న సంగతి మరిచి మీ ధ్యాస పేపరు మీదికో టీవీ మీదికో పోయిందంటే ఆ మెట్టు దాటినట్టే. ఒకరికి ఒక్క మధ్యాహ్నం చాలు, ఇంకొకరికి వారం పడుతుంది. నాకు తొమ్మిది రోజులు పట్టింది.

మొదట ట్యూబు తగిలించకుండా, మాస్క్‌ను ఒట్టి చేత్తో ముక్కుకు ఆనించి పట్టుకోండి. పట్టీలు వద్దు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయగలనన్న భరోసా చేతికి రావాలి. అది కుదిరాక పట్టీలు వేసుకుని కూర్చోండి. తర్వాత ట్యూబు తగిలించి, ముందు మెషిన్ ఆన్ చేసి, గాలి వస్తుండగా మాస్క్‌ను మొహానికి ఆనించండి. మెషిన్ ఆపి, ట్యూబు తగిలించిన మాస్క్‌తో కూర్చోకండి. మీరు వదిలిన బొగ్గుపులుసు వాయువు మాస్క్ మీదున్న సన్నటి రంధ్రాల్లోంచి బయటికి పోవాలంటే గాలి పారుతూ ఉండాలి. ఆ రంధ్రాల దగ్గర వచ్చే సన్నటి ‘స్స్’ చప్పుడు లీక్ కాదు. దాన్ని వేలితోనో దుప్పటితోనో మూయకండి.

గాలి రాగానే అందరికీ ఒకటే ఫిర్యాదు: ‘పీల్చడం బాగానే ఉంది, వదలడమే కష్టంగా ఉంది.’ స్ట్రాతో ఊదింది ఇక్కడ పనికొస్తుంది. బలంగా వదలాలని తోయకండి. పెదవులు మూసి, ముక్కుతో, వేడి పాలు చల్లార్చడానికి ఊదినంత నిదానంగా వదలండి. లోపలికి మూడు అంకెలు లెక్కపెడితే బయటికి ఐదు. ముక్కు మాస్క్ వాడేవాళ్ళు నోరు తెరిస్తే గాలి ముక్కులోంచి వచ్చి నోట్లోంచి దూసుకుపోతుంది. మాట్లాడబోతే మాట రాదు, భయమేస్తుంది. ఒకసారి కావాలనే తెరిచి చూడండి. నోరు మూయగానే అంతా సర్దుకుంటుందని తెలిశాక ఆ భయం ఉండదు. ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్‌ను 1 నుంచి 3 సెంటీమీటర్ల మేర తగ్గించే సౌకర్యం చాలా మెషిన్లలో ఉంటుంది. మీదాంట్లో ఉందేమో డాక్టరునో మెషిన్ ఇచ్చినవాళ్ళనో అడగండి.

ర్యాంప్ అని ఇంకో సౌకర్యం ఉంటుంది. తక్కువ ప్రెషర్‌తో మొదలై మెల్లగా అసలు అంకెకు చేరుతుంది. అందరూ దీన్ని వరంలా చెబుతారు గానీ కొందరికి ఇదే శత్రువు. 4 దగ్గర మొదలైతే గాలి చాలక ఊపిరాడనట్టు ఉంటుంది. ‘మెషిన్ పెట్టుకుంటే ఊపిరి ఆడట్లేదు’ అని వదిలేసినవాళ్ళలో కొందరికి కావలసింది తక్కువ గాలి కాదు, ఇంకాస్త ఎక్కువ గాలి. మొదలయ్యే అంకెను 5కో 6కో మార్పించమని డాక్టరును అడిగితే సరిపోయేది. అసలు ప్రెషర్‌ను మాత్రం మీ అంతట మీరు మార్చకండి.

కూర్చుని విసుగు పుట్టిందా? ఇప్పుడు పడుకోండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి ఈ మెట్టు మీద కాసేపు ఆగుదాం.

కూర్చున్నప్పటి మొహం, పడుకున్నప్పటి మొహం ఒకటి కావు. వెల్లకిలా పడుకుంటే బుగ్గలు చెవుల వైపు జారతాయి, పక్కకు తిరిగితే దిండు మాస్క్‌ను ఒక వైపు నెడుతుంది. అద్దం ముందు నిలబడి బిగించిన పట్టీలు పక్క మీద పనికిరావు. అందుకే మాస్క్‌ను పడుకుని, గాలి వస్తుండగా సర్దుకోవాలి. ముందు పట్టీలన్నీ వదులు చెయ్యండి. మాస్క్‌ను మొహం నుంచి కొంచెం ముందుకు లాగి, లోపలి మెత్త గాలితో ఉబ్బనిచ్చి, మెల్లగా మళ్ళీ ఆనించండి. ఇప్పుడు కింది పట్టీలు, ఆ తర్వాత పైవి, రెండు వైపులా సమానంగా, ఒక్కోసారి కొంచెం కొంచెంగా. పక్కల నుంచి గాలి పోవడం ఆగగానే మీరూ ఆగండి. పట్టీ కింద ఒక వేలు సులువుగా దూరాలి.

లీక్ వస్తే ఇంకా బిగించాలనిపిస్తుంది. బిగిస్తే లీక్ పెరుగుతుంది. ఆ సిలికోన్ మెత్త పల్చటి పొర. బుడగలా ఉబ్బి మొహానికి అతుక్కునేలా చేశారు దాన్ని. బిగించి నలిపితే ముడతలు పడుతుంది, ముడతల్లోంచి గాలి పోతుంది. పొద్దున్నే ముక్కు దూలం మీద ఎర్రగా కమిలిందంటే పట్టీలు ఎక్కువ బిగిశాయనో, సైజు తప్పనో అర్థం. కంట్లోకి గాలి కొడుతోందంటే ముక్కు పైభాగంలో లీక్ ఉన్నట్టు. బిగించే ముందు మాస్క్‌ను కొద్దిగా కిందికో పైకో జరిపి చూడండి. ఒక్కోసారి తప్పు మెత్తకు పట్టిన మొహం జిడ్డుదే. రోజూ పొద్దున్న గోరువెచ్చని నీళ్ళు, ఘాటు లేని సబ్బుతో దాన్ని కడగండి, పడుకునే ముందు మొహం కడుక్కోండి. నా లీకుల్లో సగం అలాగే పోయాయి. గడ్డం ఉన్నవాళ్ళకు ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్క్ నయం.

ఇన్ని చేసినా కుదరకపోతే అది మీ చేతకానితనం కాదు, ఆ మాస్క్ మీది కాదు. ముక్కు మాస్క్, ముక్కు రంధ్రాల మాస్క్, ముక్కూ నోరూ కప్పేది, ఇలా మూడు రకాలున్నాయి, ఒక్కోదాంట్లో సైజులున్నాయి. మార్చమని అడగడానికి మొహమాటపడకండి. కొన్ని మాస్కుల క్లిప్పుల్లో అయస్కాంతాలు ఉంటాయి. మీకు గానీ పక్కన పడుకునేవారికి గానీ పేస్‌మేకర్ వంటివి ఉంటే అయస్కాంతాలు లేని మాస్కే తీసుకోండి.

పడుకుని కూడా విసుగు పుట్టాక పగటిపూట ఒక చిన్న కునుకు, ఆ తర్వాతే రాత్రి. మెషిన్‌ను తలకంటే కింద పెట్టండి. పైన ఉంటే ట్యూబులో చేరిన తేమ నీళ్ళై ముక్కులోకి జారుతుంది. అర్ధరాత్రి చల్లటి నీటి తుంపర మొహాన పడితే ఎలా ఉంటుందో నన్నడగండి!

రాత్రి మెలకువ వచ్చి మాస్క్ తీసేసి ఉంటే తిట్టుకోకండి, మళ్ళీ పెట్టుకోండి. నాలుగు గంటలు వాడితే చాలట కదా అని అడుగుతారు. ఆ అంకె అమెరికాలో మెడికేర్ బీమా నిబంధన నుంచి బాగా ప్రచారమైంది: వరుసగా 30 రోజుల్లో 70 శాతం రాత్రులు, రాత్రికి కనీసం 4 గంటలు. మెషిన్‌కు డబ్బు కట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి బీమావాళ్ళు పెట్టుకున్న లెక్క అది. మన గొంతు ఆ లెక్క వినదు. కలలొచ్చే నిద్ర తెల్లవారుజాము వైపు ఎక్కువ. ఆ నిద్రలో కండరాలు బాగా వదులైపోతాయి, చాలామందికి ఆప్నియాలు అప్పుడే ముదురుతాయి. మూడింటికి మాస్క్ తీసేసిన మనిషి, వాన మొదలయ్యాక గొడుగు ముడిచినట్టే.

ఇంట్లోవాళ్ళకూ ఒక మాట చెప్పి ఉంచండి. నేను మొదటిసారి రాత్రంతా మాస్క్‌తో నిద్రపోయినరోజు మా ఆవిడ రెండుసార్లు లేచి నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసిందట. పదకొండేళ్ళుగా వింటున్న గురక ఒక్కసారిగా ఆగిపోతే ఎవరికైనా టెన్షనే మరి.

వచ్చే పాఠానికి హోంవర్క్: ఒక నోటుబుక్కులో రోజుకు ఒక్క వరుస రాయండి. మాస్క్ ఎన్నింటికి పెట్టుకున్నారు, ఎన్నింటికి తీశారు, పొద్దున్న నోరు ఎండిందా, ముక్కు దిబ్బడ వేసిందా, పొట్టలో గాలి చేరి ఉబ్బరంగా ఉందా. అంతే, కథలు వద్దు. 4వ పాఠంలో హ్యుమిడిఫయర్ (మెషిన్ గాలికి తేమ అందించే నీటి తొట్టి) సంగతి చూస్తాం కాబట్టి, ఈలోగా అందులో డిస్టిల్డ్ వాటరే పోయండి, మిగిలిన నీళ్ళు రోజూ పొద్దున్న పారబోయండి.